ఆదివారం నాడు కారే బండి

తిరుపతి కొర్లగుంటలో మోటారుసైకిలు ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి గానీ, సరిగ్గా ఆదివారం పొద్దున నూనె కార్చే బండి మాత్రం దామోదరానిది ఒక్కటే. కనీసం అతని భార్య నాగరత్నమ్మ నమ్మకం అది. సోమవారం నుంచి శనివారం దాకా ఆ బండి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె తిరిగొస్తుంది. ఘాట్లెక్కుతుంది, గుంటల్లో పడి లేస్తుంది. అప్పుడు రాని రోగం ఆదివారం ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కోగానే వస్తుంది.

"ముందు సీళ్ళు మళ్ళా కారతా ఉండాయి. చిత్తూరికి పోయేసొస్తా," అంటాడు దామోదరం.

"పోయిన తూరి పోయినప్పుడు మార్చినాడు కదా ఆ ఏకాంబరం?"

"మార్చినాడు. మళ్ళా పోయినాయి."

"తిరుపతిలో మెకానిక్కులే లేరా?"

"ఉండారు. ఈ బండి ముందు కాళ్ళు ఇప్పి మళ్ళా నేరుగా బిగించేవాడు లేడు."

"ఎప్పుడొస్తావు? ఆడ ఇంకెవురుంటారు? అన్నం యాడ తింటావు?"

ఇన్ని ప్రశ్నలకు ఒకటే జవాబు. బండి స్టార్టయిన చప్పుడు.

దామోదరం పశువుల మందుల ఏజెంటు. ఆవులూ గేదెలూ ఎక్కువగా ఉండే పలమనేరు వైపు అతనికి మంచి గిరాకీ. ఎప్పుడో మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే చేతులు మారి మారి అతని చేతికొచ్చిన పాత ఇంగ్లీషు బండి అది. వెనక సీటుకు రెండు పక్కలా తోలు సంచులు వేలాడదీసి, వాటి నిండా మందు సీసాలు పెట్టుకుని రోజుకు ఇంత దూరమని లేకుండా తిరిగేవాడు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలను అందరూ ఫోర్కులంటే, ఏకాంబరం మాత్రం ముందు కాళ్ళు అనేవాడు. బండి గుంటలో పడినప్పుడు పైన ఉన్న మెరిసే గొట్టం కింది గొట్టంలోకి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. లోపల నూనె ఉంటుంది. ఆ నూనె బయటికి రాకుండా మూతి దగ్గర ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. దాన్నే సీలంటారు. అది చిరిగిందంటే కాలి వెంబడి నూనె కారుతుంది. ఇదంతా దామోదరం పెళ్ళానికి ఎన్నోసార్లు విడమరిచి చెప్పాడు. ఆమె అంతా విని, "ఊఁ" అంది. ఆ "ఊఁ"కు అర్థం నమ్మానని కాదు.

నమ్మకపోవడం ఆమెకు పుట్టింటి ఆస్తి. గూడూరులో వాళ్ళ నాయన నిమ్మకాయల మండీ నడిపేవాడు. రైతు మూట తెచ్చి దించితే పైన నిగనిగలాడే కాయలుంటాయి, అడుగున పుచ్చు కాయలుంటాయి. అందుకని ఆయన ఏ మూటనైనా నేల మీద బోర్లించి గానీ బేరం ఆడేవాడు కాదు. "పై కాయను సూసి మూట కొన్నోడు బాగుపడినట్టు నేను యాడా సూడలేదు," అని ఆయన మాట. కూతురు ఆ మాటను ముక్కున కరచుకుని కాపరానికొచ్చింది. పాలవాడి చెంబులో వేలు ముంచి చూసేది. ఎదురింటావిడ నవ్వితే ఎందుకు నవ్విందా అని సాయంత్రం దాకా ఆలోచించేది. మొగుణ్ణయితే రోజూ బోర్లించేది. ఒక్కగానొక్క కూతురు గూడూరులోనే అమ్మమ్మ దగ్గర చదువుతోంది కాబట్టి, ఇంట్లో బోర్లించడానికి ఇంకెవరూ లేరు కూడా.

ఈ ఆదివారాల మూట అడుగున ఏదో ఉందని ఆమెకు గట్టి అనుమానం. నిప్పు లేకుండా పొగ రాదు కదా. బండి బాగు చేయించుకోవడానికి పోయిన మనిషి సాయంత్రం దాకా ఏం చేస్తాడు? చొక్కా నలగదు. చేతులకు మసి ఉండదు. ముఖం మాత్రం తేటగా ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ చూడని తేటదనం అది. అదే ఆమెకు ఎక్కువ మండింది. పెళ్ళాం దగ్గర ముడుచుకునే ముఖం చిత్తూరు పోయొస్తే విచ్చుకుంటుందంటే, విప్పే చేతులు ఎవరివో ఉండాలి కదా!

ఆ మధ్య ఒకసారి చిత్తూరు నుంచి వచ్చిన బండి ముందు కాలికి ఒక గుడ్డ చుట్టి ఉంది. కారే నూనెను పీల్చుకోవడానికట. నాగరత్నమ్మ దాన్ని విప్పి వెలుతురులో పట్టుకుని చూసింది. వంకాయ రంగు పట్టుగుడ్డ. అంచున సన్నని జరీ. మెకానిక్కు షెడ్డులో జరీ అంచు గుడ్డ!

"ఇదేంది?" అని అడిగింది.

"గుడ్డ," అన్నాడు దామోదరం.

"గుడ్డని నాకూ కనపడతా ఉండాది. ఎవురిది?"

"షెడ్డులో ఉండింది. ఏకాంబరం చుట్టినాడు. నాకేం దెలుసు?"

ఆ "నాకేం దెలుసు" అన్నప్పుడు అతను ఆమె ముఖం వైపు చూడలేదు. ఆమె ఆ గుడ్డను ఉతికి, ఆరబెట్టి, బియ్యం డబ్బా వెనక దాచింది. సాక్ష్యాలను పారేసుకునే వంశం కాదు వాళ్ళది.

అయితే ఆమె ఊరికే అనుమానపడుతూ కూర్చునే మనిషి కూడా కాదు. మొగుడి మీద ఎవరిదో కన్ను పడిందని తేలాక ఆ కన్నుకు విరుగుడు చేయాలి కదా. నిమ్మకాయలకైతే కరువు లేదు, గూడూరు నుంచి బస్సు వాళ్ళ చేతికిచ్చి పుట్టింటివాళ్ళు పంపిస్తూనే ఉంటారు. బండి హ్యాండిలుకు నిమ్మకాయలు వేలాడదీస్తే దామోదరం ఒప్పుకోడు. పశువుల డాక్టర్ల ముందు నామోషీ అంటాడు. అందుకని ఆమె తన దారి తాను వెతుక్కుంది. వాళ్ళ తాత ఎద్దులకు దిష్టి తగిలితే ముందు కాళ్ళకే నిమ్మకాయలు కట్టేవాడు. బండికి మాత్రం ముందు కాళ్ళు లేవా ఏమిటి? శుక్రవారం, శనివారం పొద్దుగూకగానే ఆమె నిమ్మకాయను రెండు చెక్కలు కోసి, కుంకుమ గట్టిగా అద్ది, ఒక్కో చెక్కను ఒక్కో కాలికి, మెరిసే గొట్టానికి కోసిన ముఖం ఆనేటట్టు దారంతో బిగించి కట్టేది. తెల్లవారుతూనే మొగుడు లేవకముందే విప్పి, తడిగుడ్డతో తుడిచి, చెక్కలను కూడలిలో పారేసి వచ్చేది. ఈ పని రెండేళ్ళుగా సాగుతోంది. దిష్టి పోయిందో లేదో గానీ బండి కారడం మాత్రం ఆగలేదు. ఆగకపోయేసరికి ఆ కన్ను ఎంత చెడ్డ కన్నో అనుకుని ఆమె ఇంకాస్త పెద్ద కాయలు కట్టసాగింది.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం దామోదరం బండెక్కి అలా వెళ్ళాడో లేదో, నాగరత్నమ్మ తలుపుకు తాళం వేసి చిత్తూరు బస్సెక్కింది. చేతిసంచిలో వంకాయ రంగు గుడ్డ కూడా పెట్టుకుంది. పట్టుకుంటే ఈ రోజే పట్టుకోవాలి. బస్సు చంద్రగిరి దాటేటప్పటికి ఏం తిట్టాలో అనుకుంది. పాకాల దాటేటప్పటికి ఆ తిట్లు సరిపోవనుకుంది. చిత్తూరు దగ్గరపడే కొద్దీ మాత్రం తిట్లన్నీ మరిచిపోయింది. నిజంగా ఎవరైనా ఉంటే తానేం చేయాలి? గూడూరు పోవాలా? కూతురికి ఏం చెప్పాలి? అప్పటిదాకా అనుమానించడమే గానీ, అనుమానం నిజమైతే ఎలా బతకాలో ఆమె ఒక్కనాడూ ఆలోచించుకోలేదు.

ఏకాంబరం షెడ్డు పలమనేరు దారిలో లారీ షెడ్ల వరసలో ఉంది. పేరు చాలాసార్లు విన్నదే గానీ మనిషిని చూడటం అదే మొదలు. పొట్టిగా, నుదుట విభూతితో, నోటి నిండా ఆకూవక్కతో ఉన్నాడు. బండి ఇటుకల మీద నిలబెట్టి ఉంది. ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించాడు. రెండు ముందు కాళ్ళూ విప్పి నేల మీద గోనెపట్టా పైన పరిచాడు. దామోదరం మాత్రం ఎక్కడా లేడు.

బండి ఇక్కడ, మనిషి ఎక్కడో! ఇంతకంటే రుజువేం కావాలి?

"తిరుపతి దామోదరం యాడ?" అని అడిగింది.

"అన్న లేత్ కాడికి పోయినాడు. సీళ్ళు సైజుకు చెక్కించుకోని వస్తాడు. ఈ బండి సీళ్ళు దొరకవమ్మా, జీపుకేసేవి తెచ్చి చెక్కాల్సిందే. మీరెవురు?"

"నేను ఆయన ఇంటిదాన్ని."

"వదినా! రాండి రాండి, ఈ బెంచీ మీద కూర్చోండి," అని గుడ్డ తీసి బెంచీ తుడిచాడు. ఆ గుడ్డ ఆకుపచ్చ రంగులో ఉంది. దానికీ జరీ అంచు ఉంది.

ఆమె చుట్టూ చూసింది. మూలన ఒక గోతం నిండా అన్ని రంగుల గుడ్డ ముక్కలున్నాయి. ఎరుపు, పసుపు, నెమలికంఠం, వంకాయ రంగు.

"ఇవన్నీ ఏంది?"

"పక్కన జాకెట్లు కుట్టే టైలరు ఉండాడు కదా వదినా, ఆయప్ప మిగిలిపోయిన ముక్కలు మూటకట్టి ఇస్తాడు. పట్టుగుడ్డయితే నూనె బాగా తుడుచుకోదు గానీ, ఊరికే వచ్చేదాన్ని వద్దంటామా?"

నాగరత్నమ్మ చేతిసంచిని ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది. లోపలున్న సాక్ష్యం చల్లబడిపోయింది. అయినా మూటలో ఒక కాయ మంచిదైనంత మాత్రాన మూటంతా మంచిదని ఎవరన్నారు?

"ఈ పని ఎంతసేపు పడతాది?"

"సీళ్ళు చేతికొస్తే ఒగ గంట. దానికేముండాది?"

"మరి ఆయన సాయంత్రం దాకా రాడే!"

"అవును, ఈడే కూర్చుంటాడు. మీరు కూర్చున్న బెంచీ మీదనే."

"ఏం సేస్తాడు?"

ఏకాంబరం ఆలోచించాడు. "ఏం సేయడు వదినా. ఊరికే కూర్చుంటాడు. వచ్చే పోయే లారీలను సూస్తాడు. నేను అన్నం తెచ్చుకుంటే నాతో తింటాడు. మాట్లాడేది కూడా తక్కువే."

ఊరికే కూర్చోవడం! డెబ్బై కిలోమీటర్లు వచ్చి, మసి బెంచీ మీద ఊరికే! నాగరత్నమ్మకు నవ్వొచ్చింది. ఇద్దరూ కూడబలుక్కున్నారు అనుకుంది. దొంగకు దొంగ తోడు. ఏకాంబరం కళ్ళలోకి చూసింది గానీ ఆ కళ్ళు ఆకూవక్క నములుతున్న నోటికంటే ఎక్కువేమీ చెప్పలేదు.

"అసలు ఇన్నిసార్లు ఎందుకు కారతాయి? నువ్వు పని సరిగ్గా సేయవా?" అంది, కోపం ఇటు మళ్ళించి.

ఏకాంబరానికి అది తగిలింది. పట్టా మీద నుంచి మెరిసే గొట్టం తీసి ఆమె చేతికిచ్చాడు. "నా పనిలో తప్పుంటే సెప్పండి వదినా. ఈ గొట్టాన్ని సూడండి. ఈ ఒగ్గ చోట మాత్రం తినేసి ఉండాది. వేలు పెట్టి సూడండి, గరగరమంటాది. గుంటలో పడినప్పుడంతా ఈ గరుకు సీలులోకి దిగి రబ్బరును కోసేస్తాది. దేవుడొచ్చి కొత్త సీలు ఏసినా కారకుండా ఉండదు. వాన నీళ్ళో, ఏం పాడో, అంతా బాగుండి ఈడ మాత్రమే ఎందుకు తింటాదో నాకూ తెలీదు. రొండు కాళ్ళకూ ఒగే ఎత్తులో!"

నాగరత్నమ్మ వేలు పెట్టింది. అమ్మవారు పోసిన ముఖంలాగా సన్నని గుంటలు. గుండ్రంగా, ఒక నిమ్మచెక్క వెడల్పున. వాటి అంచున ఎర్రని తుప్పు. రెండో గొట్టం తీసి చూసింది. అక్కడా అంతే.

గూడూరు మండీలో నాయన తక్కెడ తట్టలు ఆమెకు గుర్తొచ్చాయి. నిమ్మరసం పడి పడి వాటి అడుగు ఇలాగే అయింది. కాయలు కోసిన కత్తిని కడగకుండా పెడితే అమ్మ వీపు చీరేసేది. ఇనుమును నిమ్మరసం తింటుందని మండీలో పెరిగిన మనిషికి ఒకరు చెప్పాలా? తెల్లారేదాకా అదే చోట, అంత బిగించి, రెండేళ్ళుగా కట్టిన చేతులు తనవే. ఆ చేతులనే చూసుకుంటూ గొట్టాన్ని మెల్లగా పట్టా మీద పెట్టింది.

"ఇది ఉత్త నూనె పోయే పనయితే పోతే పోయిందనుకోవచ్చు వదినా," ఏకాంబరం చెప్పుకుపోతున్నాడు. "కారే నూనె కాలెంబడి దిగి బ్రేకు లోపలికి పోయిందనుకోండి, బ్రేకు పట్టదు. మొగిలి ఘాట్లో దిగేటప్పుడు పట్టకపోతే ఇంగేముండాది? అందుకే ఈ గొట్టాలు బెంగుళూరుకు పంపించి, గీకించి, కొత్తగా క్రోము పూత ఏపిద్దామని అన్నకు ఏడాదిగా సెప్తా ఉండా. ఇంగో తూరి సూద్దాంలే, ఇంగో తూరి సూద్దాంలే అంటాడు. బండంటే ప్రాణమిచ్చే మనిషి, దీనికి మాత్రం ఎందుకో ఒప్పుకోడు."

మొగుడు చల్లగా ఉండాలని కట్టిన కాయలు మొగుడి బ్రేకులోకి నూనె దింపుతున్నాయి. లోయలో పడి ఉన్న బండి ఒకటి నాగరత్నమ్మ కళ్ళ ముందు కదిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ స్వభావం ఎక్కడికి పోతుంది? ఆ నీళ్ళు జారకముందే ఇంకో ఆలోచన వచ్చింది. క్రోము పూత వేయిస్తే బండి బాగుపడుతుంది. బాగుపడితే చిత్తూరు రావాల్సిన పని ఉండదు. అందుకని ఒప్పుకోవడం లేదా?

అంతలో దామోదరం వచ్చాడు. ఒక చేతిలో కాగితంలో చుట్టిన సీళ్ళు, ఇంకో చేతిలో బోండాల పొట్లం. ఏదో కూనిరాగం తీస్తూ వస్తున్నవాడు బెంచీ మీద పెళ్ళాన్ని చూసి ఠక్కున ఆగిపోయాడు. ఆ తేట ముఖం ఆమె కళ్ళ ముందే ముడుచుకుపోయింది.

"నువ్వేంది ఈడ?"

"ఏం, నేను రాగూడదా?"

"అది కాదు..."

"ఈ గొట్టాలను బెంగుళూరుకు పంపించాల. ఈ పొద్దే," అంది నాగరత్నమ్మ.

"ఇప్పుడెందుకులే. సీళ్ళు తెచ్చినా కదా. ఇంగో తూరి సూద్దాం."

"ఇంగో తూరి లేదు. ఏకాంబరం, నువ్వు పంపీ. అంతవరకూ ఆయన బస్సులో తిరుగుతాడు."

బండి బాగవుతుందంటే సంతోషించాల్సిన మనిషి, ఆస్తి పోయినట్టు ముఖం పెట్టి బోండాల పొట్లం బెంచీ మీద పెట్టాడు. అదంతా నాగరత్నమ్మ చూసింది. చూసి, మనసులో మూటకట్టి పెట్టుకుంది. తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నిమ్మకాయల సంగతి చెబుదామని ఆమె రెండు మూడుసార్లు అనుకుంది. చెబితే అలుసైపోతానని ఊరుకుంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గొట్టాలు బెంగుళూరు పోయి అద్దాల్లా తిరిగొచ్చాయి. ఏకాంబరం కొత్త సీళ్ళు వేసి బిగించాడు. నాగరత్నమ్మ నిమ్మకాయలు మానేసింది. కాయలన్నీ ఊరగాయ పెట్టి వీధిలో పంచితే, ఈవిడ చేతి నుంచి ఏదైనా రావడమా అని ఎదురింటావిడ వాసన చూసి గానీ తీసుకోలేదు.

బండి కారడం ఆగిపోయింది. పొద్దున లేస్తూనే నాగరత్నమ్మ వాకిట్లోకి పోయి, ముగ్గు వేయకముందే వంగి ముందు కాళ్ళను వేలితో తడిమేది. వేలు పొడిగా ఉండేది. ఆదివారాలు దామోదరం ఇంట్లోనే ఉన్నాడు. ఆమెకు గెలిచినట్టే ఉంది. పక్కన కూర్చుని, ఆ వారం ఎక్కడెక్కడ తిరిగాడో, మదనపల్లెలో ఎవరింట కాఫీ తాగాడో, ఆ కాఫీ ఎవరు కలిపారో అడిగేది. అతను చెప్పేవాడు. చెబుతూ చెబుతూ లేచి పోయి, బాగున్న ఫ్యానును విప్పి మళ్ళీ బిగించేవాడు. పెరట్లోకి పోయి నిలబడేవాడు. పెరట్లో ఏముందని ఈమె వెనకే పోయేది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, అయినా ఆ ముఖం ఒక్క ఆదివారమూ విచ్చుకోలేదు. ఎవరి కోసం బెంగ పెట్టుకున్నాడో అనుకుని నాగరత్నమ్మ కుమిలిపోయింది. నిద్రలో ఎవరి పేరైనా పలుకుతాడేమోనని చెవి పెట్టి వినేది. గురక తప్ప ఏమీ వినపడేది కాదు.

వానాకాలం మొదలయ్యాక ఒక ఆదివారం, ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కుంటూ దామోదరం అన్నాడు. "సీళ్ళు మళ్ళా కారతా ఉండాయి. చిత్తూరికి పోయేసొస్తా."

నాగరత్నమ్మ చేతిలో గరిటె ఆగింది. గంట క్రితమే తడిమి చూసింది. రెండు కాళ్ళూ ఎండిన ఎముకల్లా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా వెతుకుతున్న అడుగు కాయ చేతికి దొరికింది. దొరికితే ఎగిరి గంతేస్తానని ఆమె అనుకుంది. తీరా దొరికాక దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

అతను బండిని వాకిట్లోకి దింపేదాకా ఆగి, వెనకే వచ్చింది.

"కారలేదు," అంది.

"ఏంది?"

"నేను పొద్దున్నే తడిమి సూసినా. సుక్క నూనె లేదు. ఎవురామె?"

"ఎవురు?"

"నువ్వు ఎవురి కాడికి పోతావో ఆమె. పేరు సెప్పు. నేను ఏడవను, అరవను. పేరు మాత్రం సెప్పు."

దామోదరం బండిని స్టాండు వేసి మెట్టు మీద కూర్చున్నాడు. "ఏకాంబరం కాడికే పోతా ఉండా," అన్నాడు.

"బాగుండే బండిని తీసుకోనా?"

"బాగుండే బండిని తీసుకోనే." అతను తలెత్తాడు. "రత్నా, నువ్వు నిమ్మకాయలు కట్టేది నాకు తెలీదనుకున్నావా?"

నాగరత్నమ్మ చేతులు కొంగు చాటుకు పోయాయి.

"ఎంత తుడిచినా దారం కట్టిన చోట కుంకుమ పోదు. రొండేండ్లుగా సూస్తానే ఉండా. గూడూరు అల్లుణ్ణి, నిమ్మరసం ఇనుమును తింటాదని నాకు మాత్రం తెలీదా?"

"తెలిసీ నాకు సెప్పలేదా? బ్రేకులోకి దిగితే ప్రాణం పోతాదని ఆయప్ప నీకు సెప్పలేదా?"

"సెప్పినాడు."

"మరి?"

"సీళ్ళు కారితేనే కదా నాకు చిత్తూరు."

"ఏముండాది ఆ చిత్తూర్లో?" అని అరిచింది నాగరత్నమ్మ. అరవనని అన్న మాట మరిచిపోయింది.

"ఏమీ లేదు. బెంచీ ఉండాది. పొద్దుగూకేదాకా దాని మీద కూర్చుంటా. యాడికి పోయినావు, ఎవురితో మాట్లాడినావు, ఎందుకు నవ్వినావు అని నన్ను ఎవురూ అడగరు. అంతే. ఇంగేమీ లేదు."

అతని గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉండి ఉంటే ఆమె ఏదో ఒకటి అనగలిగేది. ఎవరిదైనా ఆడమనిషి పేరు చెప్పి ఉంటే, ఆ ఇంటి ముందు నిలబడి జుట్టు పట్టుకుని ఈడ్చేది. బెంచీని ఏం చేస్తుంది? ఏకాంబరం ఆ రోజే చెప్పాడు, ఊరికే కూర్చుంటాడని. అప్పుడు నవ్వింది. ఇప్పుడు, పుట్టి బుద్ధెరిగిన తరవాత మొదటిసారి, ఒక మాటను తిరగేయకుండా బోర్లించకుండా నమ్మింది. నమ్మిన మొదటి మాట ఇదయిందేమిటా అని ఆమెకు ఏడుపొచ్చింది. ఈ మనిషి ఘాట్లో బ్రేకు లేకుండా దిగడానికైనా ఒప్పుకున్నాడు గానీ, తన పక్కన ఒక ఆదివారం కూర్చోవడానికి ఒప్పుకోలేకపోయాడు.

దామోదరం లేచి బండి స్టాండు తీశాడు. "పోను లే," అని దాన్ని మళ్ళీ వసారాలోకి నెట్టబోయాడు.

నాగరత్నమ్మ వెనక నుంచి తోలు సంచి పట్టుకుని ఆపింది. "పో."

"ఏంది?"

"పోయేసి రా. సీళ్ళు బాగుండాయి, గుడ్డ చుట్టుకోవాల్సిన పని కూడా లేదు. పో."

అతను ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. ఇందులో ఏ తిరకాసు ఉందో, బస్సులో వెనకే వస్తుందేమోనని ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు. తనను అలా చూస్తే ఎలా ఉంటుందో నాగరత్నమ్మకు అప్పుడే తెలిసింది. ఏ తప్పూ చేయకపోయినా ముఖం దాచుకోవాలనిపించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కకు తొలగి దారిచ్చింది.

దామోదరం కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది. సందు మొదట్లోకి పోయినవాడు ఆగి, వెనక్కి తిరిగి, ఆ చప్పుడులోనే గట్టిగా అన్నాడు. "చీకటి పడకముందే వచ్చేస్తా. అన్నం ఆడనే తింటా. ఏకాంబరం ఒగడే ఉంటాడు."

"నేనడగలేదు," అంది నాగరత్నమ్మ.

అది అతనికి వినపడిందో లేదో ఆమెకు తెలియలేదు. పరిగెత్తుకుంటూ పోయి అడిగి తెలుసుకోవాలని ఉన్నా, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది.